నల్లబల్ల మీద గీసిన మంచునది

ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఏడాదికో రోజు నల్లబల్ల మీద హిమానీనదం బొమ్మ గీసేవాణ్ని. రెండు కొండలు, వాటి మధ్య నాలుకలా సాగిన గీత, అటూ ఇటూ చుక్కలు. ఆ చుక్కలు మొరైన్లు... అంటే మంచు తనతో మోసుకొచ్చి వదిలేసిన రాళ్లూ రప్పలూ. ఐదు మార్కుల ప్రశ్న. బొమ్మ వేస్తే రెండు మార్కులు గ్యారంటీ.

1995లో అనుకుంటా, మూడో బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. ‘సార్, ఐసుగడ్డ గట్టిగా ఉంటాది కదా, గట్టిగా ఉన్నది నదిలాగ ఎలా పారతాది?’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకూ జవాబు తెలీదు. ‘పుస్తకంలో అలాగే ఉంది, రాసుకో’ అన్నాను. వాడు కూర్చుని రాసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట అన్నందుకు తర్వాత చాలాసార్లు సిగ్గుపడ్డాను. మంచునేమో నేను ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూసి ఎరుగను. గంగోత్రి వెళ్దామని రెండుసార్లు అనుకున్నాం, రెండుసార్లూ ఏదో ఒకటి అడ్డొచ్చింది.

అబ్బాయి కెనడాలోని కాల్గరీలో ఉంటాడు. 2025 జూలైలో నేనూ మా ఆవిడా వాళ్లింట్లో ఉన్నప్పుడు ఒక రాత్రి భోజనాల దగ్గర ‘నాన్నా, మిమ్మల్ని హిమానీనదం మీద నడిపిస్తాను, వస్తారా?’ అని అడిగాడు. నా వయసు అరవై అయిదు. కుడి మోకాలు మెట్లెక్కేటప్పుడు కటకటమంటుంది. ‘బస్సులో కూడా తీసుకెళ్తారట కదా, అందులో వెళ్దాం’ అంది మా ఆవిడ. నిజమే, పెద్ద పెద్ద చక్రాలున్న బస్సుల్ని ఏకంగా మంచు మీదికే నడుపుతారక్కడ. ‘బస్సు ఆగిన చోట దిగి, ఫొటో తీసుకుని వచ్చేయడమేనమ్మా. నాన్న పాఠం చెప్పింది అది కాదుగా’ అన్నాడు వాడు. ఆ మాటతో నేను పడిపోయాను. నేను వెళ్తే తనూ వస్తానంది ఆవిడ. చిన్నపిల్లల్ని రానివ్వరు కాబట్టి కోడలూ, ఐదేళ్ల మనవరాలూ కింద సందర్శకుల కేంద్రంలో ఉండేటట్టు ఒప్పందం.

* * *

ముందురోజు రాత్రి కాన్‌మోర్ అనే ఊళ్లో బస చేసి, తెల్లారగానే బయల్దేరాం. లేక్ లూయిస్ దాటాక మొదలవుతుంది ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే. అక్కడి నుంచి జాస్పర్ దాకా 232 కిలోమీటర్ల రోడ్డు. 1930ల్లో ఆర్థికమాంద్యం వచ్చి జనానికి పనుల్లేనప్పుడు ఉపాధి కోసం మొదలుపెట్టిన రోడ్డట, 1940లో తెరిచారు. మన కరువు పనుల్లాంటిదన్నమాట! దారంతా రెండువైపులా రాకీ పర్వతాలే. ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, పెట్రోలు బంకు దారిలో ఒక్కచోటే. ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని వెళ్లడం మంచిదైంది.

బో సరస్సుకి కాస్త ముందు ఒక కొండ మీద కాకికాలు హిమానీనదం కనిపిస్తుంది. మూడు వేళ్లతో కాకికాలులా ఉందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు వేళ్లు రెండే. మూడోది గత శతాబ్దంలోనే ఊడిపోయింది. పేరు మాత్రం మిగిలింది.

ఇక్కడి సరస్సుల రంగు గురించి ఒక్క మాట. పేటో సరస్సుని పైనుంచి చూసి ‘రంగు కలిపారేమో’ అంది మా ఆవిడ. మంచు కొండని ఒరుసుకుంటూ జారేటప్పుడు రాయి నలిగి మెత్తని పిండి అవుతుంది. ఆ పిండి కరిగిన నీళ్లతో వచ్చి సరస్సులో మునక్కుండా తేలుతూ ఉంటుంది. దాని మీద ఎండ పడితే ఆ నెమలికంఠం రంగు. తిరగలి పాడుచేసిన కొండ అనుకోండి!

సన్వాప్తా కనుమ దాటగానే ఎడమవైపు ఒక్కసారిగా... అదే! అదే బొమ్మ. రెండు కొండలు, మధ్య నాలుక. అచ్చం నేను గీసినట్టే. అది అథబాస్కా హిమానీనదం. పొడవు సుమారు ఆరు కిలోమీటర్లు. కొండల వెనక దాక్కున్న కొలంబియా మంచుమైదానం నుంచి కిందికి జారే నాలుకల్లో ఇదొకటి. ఆ మైదానం అక్కడుందని బయటి ప్రపంచానికి తెలిసింది 1898లో. నార్మన్ కోలీ, హెర్మన్ వూలీ అనే ఇద్దరు బ్రిటిష్ పర్వతారోహకులు అథబాస్కా శిఖరం ఎక్కి అవతలికి చూస్తే కనుచూపు మేరా మంచేనట.

ఆ మైదానం అంచున స్నోడోమ్ అనే 3,456 మీటర్ల శిఖరముంది. దాని నెత్తిన పడ్డ మంచు కరిగి మూడు సముద్రాలకి పోతుంది. ఒకవైపు కరిగింది పసిఫిక్‌కి, ఇంకోవైపుది ఆర్కిటిక్‌కి, మరోవైపుది హడ్సన్ అఖాతం మీదుగా అట్లాంటిక్‌కి. మన అమరకంటక్ దగ్గర పుట్టిన నర్మద అరేబియా సముద్రం వైపు పోతే, శోణ గంగలో కలుస్తుందని పిల్లలకు చెప్పేవాణ్ని. ఇక్కడ అంతకు ఇంకొకటి ఎక్కువ.

* * *

నడక మొదలయ్యే చోట గైడు మా కోసం నిలబడి ఉంది. పాతికేళ్ల అమ్మాయి. చేతిలో మంచుగొడ్డలి, భుజాన తాళ్ల చుట్ట. మేం ముగ్గురం, జర్మనీ నుంచి వచ్చిన ఒక జంట, టొరంటో నుంచి ముగ్గురు స్నేహితులు. మొత్తం ఎనిమిది మందిమి. ఖర్చు తలకి వంద కెనడా డాలర్ల పైనే. మన రూపాయల్లోకి మార్చి చెప్పొద్దని అబ్బాయి ముందే వాళ్లమ్మని బతిమాలుకున్నాడు. బూట్లు, వాన పడితే తొడుక్కునే ప్యాంట్లు వాళ్లే ఇస్తారు. బూట్ల కింద బిగించే ఇనుప ముళ్ల చట్రాలు కూడా... వాటిని క్రాంపాన్లంటారు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ‘చలికోసం కాదు, పడితే మంచు గాజుపెంకులా కోసేస్తుంది’ అంది గైడు. మా ఆవిడ నా వైపు చూసింది.

ఆ తర్వాత గైడు చెప్పింది ఇంకా గంభీరం. ‘నా అడుగులోనే అడుగు వేయండి. మంచులో పగుళ్లుంటాయి. పైన పలచగా మంచు కప్పేసి ఉంటే అవి కంటికి కనబడవు. నేను పొడిచి చూడని చోట కాలు పెట్టొద్దు. మనలో ఎవరు నెమ్మదిగా నడిస్తే అందరం వాళ్ల వేగంతోనే నడుస్తాం. ఒకరు వెనక్కి రావాలంటే అందరం రావాల్సిందే.’

ఆ చివరి మాట నా మోకాలికి నేరుగా తగిలింది. ముక్కూమొహం తెలీని ఐదుగురు వాళ్ల డబ్బులు పెట్టుకుని వచ్చారు. నా వల్ల సగంలోంచి తిరిగి రావాల్సొస్తే?

తమంతట తాము మంచెక్కేసే వాళ్లు ఏటా ఉంటారట. ఎక్కొద్దని బోర్డులు పెట్టారు, తాడు కట్టారు. పగుల్లో పడ్డవాళ్లు ఆ ఇరుకులో కదల్లేక, రక్షించేవాళ్లు చేరేలోపే చలికి ప్రాణం పోగొట్టుకున్న సంగతులు ఇక్కడ ఉన్నాయి. బస్సు ప్రయాణమైతే భయం లేదనుకోవడానికీ లేదు. 2020 జూలైలో మొరైన్ వాలు మీద ఒక బస్సు దొర్లిపోయి ముగ్గురు చనిపోయారు. ఇవన్నీ నడక అయ్యాక మాత్రమే మా ఆవిడకి చెప్పాను.

మంచు దాకా పోయే దారంతా రాళ్లే. ఆ రాళ్ల మధ్య అక్కడక్కడా చిన్న గుర్తులు, వాటి మీద సంవత్సరాలు. ఫలానా ఏడాదిలో మంచు ఇక్కడి దాకా ఉండేది అని. ఇంకా కిందనైతే, మేం కారులో దాటొచ్చిన చోట 1930లు, 40ల నాటి గుర్తులున్నాయి. నడిచేకొద్దీ ఏళ్లు ముందుకి జరుగుతాయి. 1982 గుర్తు దాటాం. నేను డిగ్రీ చదివే రోజులు. కాస్త పైన 1992.

‘నేను పుట్టిన ఏడు’ అని అబ్బాయి అక్కడ ఆగాడు. వాడి పక్కన నిలబడి పైకి చూశాను. మంచు ఎక్కడో దూరాన, మురికి పట్టిన దుప్పటిలా ఉంది. మేం నిలబడ్డ చోట ఎండిన రాళ్లు, సన్నగా పారే బూడిదరంగు నీళ్లు, ఒక రాయి పక్కన పసుప్పచ్చ పువ్వు. నూటపాతికేళ్లలో ఈ హిమానీనదం కిలోమీటరున్నరకు పైగా వెనక్కి తగ్గింది, తన ఘనపరిమాణంలో సగం పోగొట్టుకుంది. ఈ లెక్క నేను ముందే చదివాను. కానీ చదవడం వేరు, నా కొడుకు వయసంత దూరం రాళ్ల మీద నడవడం వేరు. ‘పాప పుట్టిన ఏడు ఎక్కడుంటుందో’ అన్నాడు వాడు. ఎవరం మాట్లాడలేదు.

* * *

మంచు అంచున కూర్చోబెట్టి ముళ్ల చట్రాలు బిగించింది గైడు. లేచి నిలబడి మొదటి అడుగు వేశాను. కర్రుమంది. పంచదార బస్తా మీద నడిచినట్టుంటుంది. ‘బాతులా నడవండి. కాళ్లు ఎడంగా, పాదం మొత్తం ఒక్కసారే మోపండి’ అని చెప్పింది. ముప్ఫై రెండేళ్లు పిల్లల్ని వరసలో నడిపించినవాణ్ని, ఇప్పుడు నేనే బాతు నడక నేర్చుకుంటున్నాను. మా ఆవిడ మాత్రం పది నిమిషాల్లో పట్టేసింది. వాకిట్లో కళ్లాపి జల్లి, తడినేల మీద నడిచిన అలవాటు కాబోలు. ఆవిడ గైడు వెనక రెండో మనిషి, నేను చిట్టచివర.

తెల్లగా ఉంటుందనుకున్న మంచు నిజానికి తెల్లగా లేదు. దుమ్ము, ఇసుక, నల్లటి మసి. అడవులు తగలబడినప్పుడు ఎగిరొచ్చిన మసి కూడా ఇందులో ఉంటుందని గైడు చెప్పింది. నల్లనిది ఎండని ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి మంచు ఇంకా తొందరగా కరుగుతుంది. ఇక్కడికి వంద కిలోమీటర్లున్న జాస్పర్ ఊరిలో 2024 జూలై కార్చిచ్చుకు మూడో వంతు కట్టడాలు కాలిపోయాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆ అమ్మాయి గొంతు మారింది. వివరాలు మేం అడగలేదు.

ఎదురుగాలి మొహాన్ని కొడుతోంది. కింద పార్కింగులో చొక్కా మీద ఉన్నవాళ్లం, ఇక్కడ మూడు పొరలు తొడుక్కున్నా వణుకే. పైన మంచుమైదానం మీద చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. పగలంతా వీస్తూనే ఉంటుందట. ఈ గాలి గురించి కూడా పాఠం చెప్పాను నేను!

అరగంట నడిచాక ఒక పగులు దగ్గర ఆపింది. వెడల్పు మూరెడు కూడా లేదు. ఒక్కొక్కర్నీ పిలిచి, తను గట్టిగా పట్టుకుని లోపలికి చూడనిచ్చింది. నేను వంగాను. మొదట తెలుపు, తర్వాత లేతనీలం, కిందికి పోయేకొద్దీ నీలిమందు చిక్కగా కలిపినట్టు, ఆ తర్వాత చీకటి. గట్టిపడ్డ మంచులో గాలిబుడగలుండవు. వెలుతురు లోపలికంటా పోతుంది, అందులోని ఎరుపుని మంచు మింగేస్తుంది, నీలం మిగులుతుంది. ఈ నాలుక మందం కొన్నిచోట్ల మూడొందల మీటర్ల దాకా ఉంటుంది. అంటే నా కాళ్ల కింద ఒక కొండంత లోతు!

అప్పుడడిగాను. ముప్ఫై ఏళ్లుగా లోపల ఉన్నదే. నాకొచ్చిన ఇంగ్లిష్‌లో, ‘గట్టిగా ఉన్నది ఎలా పారుతుంది?’ అని.

ఆ అమ్మాయి నవ్వలేదు. మంచి ప్రశ్న అంది. ‘పైన పడ్డ హిమం ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఆ బరువుకి అణిగి మంచుగడ్డ అవుతుంది. ముప్ఫై మీటర్లో, ఇంకాస్తో మందం దాటాక అడుగున ఉన్న మంచు ఆ బరువుకి ఓర్చుకోలేదు, మెల్లగా సాగుతుంది. దానికితోడు కింద కరిగిన నీళ్ల మీద మొత్తం దిమ్మే జారుతుంది. కానీ పై పొరకి బరువు లేదు, అది పెళుసు. అడుగు సాగుతుంటే, పైది సాగలేక పగుల్తుంది. ఇప్పుడు మీరు చూసింది అదే.’

అబ్బాయి ఇదంతా వాళ్లమ్మకి తెలుగులో చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, ‘ఓస్, బెల్లం దిమ్మలాగ’ అంది.

మా ఆవిడ పుట్టిల్లు అనకాపల్లి. వాళ్ల నాన్నగారిది బెల్లం వ్యాపారం. ‘రాయి పెట్టి కొడితే దిమ్మ పగుల్తుందా? అదే దిమ్మని వానాకాలంలో నాలుగు నెలలు ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలెయ్యండి. అడుగుది సాగిపోయి గోడకి కారుతుంది. పైదేమో పగుళ్లు పగుళ్లుగా అలాగే ఉంటుంది. మా గొడౌన్లో ఎన్నిసార్లు చూశానో’ అంది.

నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. జవాబు మా వంటింట్లోనే ఉంది. నేను ఒక్కసారి ఇంట్లో అడిగి ఉంటే సరిపోయేది. అబ్బాయి గైడుకి బెల్లం అంటే ఏమిటో చెప్పడానికి ఐదు నిమిషాలు తిప్పలుపడ్డాడు.

* * *

ఇంకాస్త పైకి పోతే మంచు మీద పారే సెలయేళ్లు. అద్దంలాంటి నీళ్లు, నీలం కాలువలో. ఒకచోట ఆ నీరంతా సుడి తిరుగుతూ గుండ్రటి బావిలాంటి కన్నంలో పడి మాయమైపోయింది. మూలెన్ అంటారు దాన్ని. లోపల్నించి ఒకటే హోరు. అడుగున ఎక్కడికో పోయి, మంచు కిందుగా పారి, చివర్న సన్వాప్తా నదిగా బయటికొస్తుంది. అక్కడ్నించి అథబాస్కా నదిలో కలిసి, ఆర్కిటిక్ దాకా ప్రయాణం. పై మైదానంలో పడ్డ హిమం ఈ నాలుక కొసకి చేరడానికి నూటయాభై ఏళ్లకు పైనే పడుతుందని ఒక అంచనా. ఆ లెక్కన ఇవాళ కరుగుతున్నది మా ముత్తాతల కాలం నాటి మంచు.

శుభ్రమైన ధార ఒకటి చూపించి తాగొచ్చంది గైడు. మా ఆవిడ గ్లవ్స్ తీసి, మొదట కళ్లకద్దుకుని, తర్వాత మూడుసార్లు తీర్థంలా పుచ్చుకుంది. నా అరచేతిలోనూ పోసింది. పళ్లు జివ్వుమన్నాయి. ‘గంగోత్రి వెళ్లలేకపోయాం కదండీ’ అంది అంతే. టొరంటో కుర్రాళ్లు అది చూసి వాళ్లూ దోసిలి పట్టారు.

అక్కడికి గంటన్నర అయింది. ఎదురుగా ఇంకో ఎత్తు, దాని మీద నుంచి మంచుజలపాతం దగ్గరగా కనిపిస్తుందట. మూడు మెట్లుగా విరిగి పడుతున్న మంచుగోడ. మోకాలు అప్పటికే మాట వినడం లేదు. గైడు నా దగ్గరికొచ్చి, అందరికీ వినపడకుండా ‘ఎలా ఉంది?’ అని అడిగింది. అబద్ధం చెప్పాలనిపించింది. పంతుళ్లకి అదొక జబ్బు, తెలీదనీ చేతకాదనీ చెప్పలేం. 1995లో చెప్పలేకపోయింది కూడా అదే కదా. ‘ఎక్కగలను. దిగడమే కష్టం’ అన్నాను.

ఆ అమ్మాయి పైకి చూసింది, వాచీ చూసుకుంది. అందర్నీ పిలిచి, ఆ ఎత్తు ఎక్కకుండా పక్కనుంచి చుట్టి వెనక్కి వెళ్దామంది. కారణం చెప్పలేదు. నేనే చెప్పాను. నా మోకాలివల్ల, క్షమించండి అని. జర్మనీ పెద్దాయన తన ప్యాంటు పైకి లాగి మోకాలి చుట్టూ కట్టిన పట్టీ చూపించాడు! ఆయనకీ అదే బాధట. ఎప్పుడెప్పుడు ఎవరంటారా అని చూస్తున్నాడట.

దిగేటప్పుడు పడనే పడ్డాను. ఎడమకాలి ముల్లు కుడి ప్యాంటు అంచుకి తగులుకుంది. రెండు చేతులా బోర్లా పడ్డాను. గ్లవ్ అరచేతి దగ్గర చీరింది, లోపల చర్మం గీసుకుంది. గ్లవ్ లేకపోతే కుట్లు పడేవి. ఎప్పుడొచ్చిందో మా ఆవిడ పక్కకొచ్చి చెయ్యందించింది. అక్కణ్నుంచి రాళ్ల దాకా ఆ చెయ్యి వదల్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. నడకలు సాధారణంగా మే చివర్నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో రద్దీ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. జాతీయ పార్కు ప్రవేశ రుసుము వేరే. జీన్సు వేసుకెళ్లకండి, తడిస్తే ఆరదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే గైడుకి చెప్పేయండి. నాలాగా దాచుకోకండి.

కిందికి వచ్చేసరికి మనవరాలు కేంద్రం మెట్ల మీద ఎదురుచూస్తోంది. ‘తాతయ్యా, ఐస్ తెచ్చావా?’ అంది. తేలేదంటే ఏడుపు. ‘మావయ్యా, రెండు గంటల్నించీ ఇదే గొడవ’ అంది కోడలు.

ఆ రాత్రి కాల్గరీ చేరాక, మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టాను. ఆ కుర్రాడు కూడా అందులో ఉన్నాడు. ఇప్పుడు మాకవరపాలెం దగ్గర ఎరువుల షాపు. వాడి పేరు రాసి, ‘అప్పట్లో నువ్వడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పుడు దొరికింది’ అని బెల్లం దిమ్మ సంగతంతా వాయిస్ మెసేజ్ పెట్టాను. దండాలు పెట్టే బొమ్మలు పాతిక దాకా వచ్చాయి. వాడి జవాబు తెల్లారి వచ్చింది.

‘సార్, బాగా చెప్పారు. కానీ ఆ ప్రశ్న అడిగింది నేను కాదు సార్, నా పక్కనోడు. ఆడు టెన్తు కాకుండానే మానేసి చెరుకు గానుగ కాడ బెల్లం వండడానికి పోయాడు. ఆడి నంబరు కావాలా సార్?’